అరటిచెట్టు నోట్లు, కోడి కాసు

సింగపూర్‌లో టెక్కా మార్కెట్ కింద కాఫీ తాగి ఐదు డాలర్ల నోటు ఇస్తే, తిరిగొచ్చిన చిల్లరలో ఒక బిళ్ల మీద ఎవరో రాజుగారు కనిపించారు. అక్కడి మామూలు చిల్లర మీద రాజులుండరు. ఇప్పటి డాలరు మీద సింహం తల, చేప తోక ఉన్న మెర్లయన్ ఉంటుంది. పాత డాలరు మీదైతే మన పెరట్లో పూసే బిళ్లగన్నేరు. ఈ రాజుగారు మాత్రం బ్రూనై సుల్తాను.

"చెల్లదేమో నాన్నా, ఇలా ఇవ్వు, మార్చి తెస్తాను" అంది మా అమ్మాయి. నేను గుప్పిట బిగించేశాను. అది చెల్లుతుంది. సింగపూర్, బ్రూనై, మలేసియా ఒకరి డబ్బు ఒకరు సరిసమానంగా పుచ్చుకోవాలని 1967లో ఒప్పందం చేసుకున్నాయి. 1973లో మలేసియా తప్పుకుంది. మిగతా ఇద్దరూ ఇంకా ఆ మాట మీదే ఉన్నారు. చెల్లుతుంది కాబట్టే ఖర్చు పెట్టాలనిపించలేదు.

నాణేలు పోగేసేవాళ్లలో కొనేవాళ్లు వేరు, ఏరుకునేవాళ్లు వేరు. నేను ఏరుకునేవాణ్ని. దానికి సగం కారణం పెన్షను, సగం పొగరు. దుకాణంలో అద్దాల వెనక ఉన్నది ఎవడైనా కొంటాడు, చిల్లరలో చేతికొచ్చింది మాత్రం మన రాత అని నా వాదన. భీమిలిలో మా ఆదివారం బృందానికి ఈ వాదన విని విని విసుగొచ్చింది.

మరునాడు ఒక్కణ్నే మలక్కా బస్సెక్కాను. చొక్కా లోపలి జేబులో ఒక పాత సెంటు ఉంది. 1941 నాటిది, నాలుగు పలకలది, మూలలు గుండ్రంగా తీర్చి ఉంటాయి. ఒకవైపు ఆరో జార్జి, రెండోవైపు మలయా అన్న పేరు. మా తాత అక్కడి రబ్బరు తోటలో పాలు గీసే పనికి వెళ్లాడు. యుద్ధం అయ్యాక ఓడెక్కి తిరిగొచ్చినప్పుడు రేకు పెట్టెలో జపాన్ వాళ్లు అచ్చేసిన నోట్ల కట్ట ఉందట. పది డాలర్ల నోటు మీద అరటిచెట్టు బొమ్మ. జపాన్ ఓడిపోగానే అవన్నీ చిత్తు కాగితాలైపోయాయి. మా నాన్న వాటితో పడవలు చేసుకున్నాడు. చెల్లే డబ్బని మామ్మ దాచుకున్నది ఈ సెంటొక్కటే. ఏటా దీపావళికి చింతపండు పెట్టి తోమేది.

ఉడ్‌లాండ్స్ దగ్గర సామానుతో సహా దిగాలి. ముద్ర వేయించుకుని మళ్లీ ఎక్కాలి. సముద్రం మీద కిలోమీటరు కట్ట దాటాక మళ్లీ అదే తంతు. తాత దాటినప్పుడు ఇన్ని ముద్రలు ఉండి ఉండవు.

దారిలో బస్సు ఆగిన చోట టీ తాగితే వచ్చిన చిల్లర చూసి నవ్వొచ్చింది. 1989లో మొదలైన మలేసియా నాణేల వరస అది. ఐదు సెన్‌ల మీద బొంగరం, పది మీద వామనగుంటల పీట, ఇరవై మీద తాంబూలపు పెట్టె, యాభై మీద గాలిపటం. మా మామ్మ ఇల్లంతా అరచేతిలో ఉంది.

మలక్కాలో ఎర్రరంగు డచ్చి కచేరీ ముందు అందరూ ఫొటోలు దిగుతున్నారు. నాకు మాత్రం మా ఊరే గుర్తొచ్చింది. భీమిలిలో వలందుల, అంటే డచ్చివాళ్ల, సమాధుల పక్కన ఆడుకుని పెరిగినవాణ్ని. 1824లో లండన్‌లో రాసుకున్న ఒకే ఒడంబడికతో డచ్చివాళ్లు మలక్కానీ, మన దేశంలోని తమ స్థావరాలన్నిటినీ ఇంగ్లీషువాళ్లకి వదులుకున్నారు. అంటే భీమిలీ మలక్కా ఒకే కాగితం మీద చేతులు మారాయన్నమాట. దీని గురించి అక్కడ ఎవరికైనా చెప్పాలనిపించింది గానీ, వినేవాళ్లెవరు?

సాయంత్రం జాంకర్ వీధి సంతలో ఒక ముసలి చీనా ఆయన బల్ల దగ్గర ఆగాను. కంపెనీ గుర్తు వేసిన డచ్చి డాయిట్లు, చిల్లుకాసులు. పక్కనే ఒక గిన్నె, గిన్నె నిండా నాలుగు పలకల సెంట్లు. ఒక్కోటి ఒక రింగిట్. మామ్మ ప్రాణంలా దాచుకున్నది ఇక్కడ గిన్నెలెక్కన ఉంది.

నాది తీసి చూపించాను. ఆయన అటూ ఇటూ తిప్పి, తల ఊపి, తన సరుకే అనుకున్నాడో ఏమో, గిన్నెలో పడేశాడు.

నా గుండె జారిపోయింది. రెండు చేతులూ పెట్టి గిన్నె కెలికాను. అన్నీ ఒకటే జార్జి, ఒకటే పలక. వాటిలో 1941వే బోలెడు. చివరికి అడుగున ఒకటి తళుక్కుమంది. మిగతావన్నీ కిలుం పట్టి నల్లగా ఉంటే అదొక్కటే ఎర్రగా, జార్జి ముక్కు అరిగిపోయి ఉంది. నాణేన్ని తోమడం మా వాళ్లలో మహాపాపం. ఆ పాపమే నా సెంటును నాకు ఇప్పించింది.

ఆయన సిగ్గుపడ్డాడు, నేనూ పడ్డాను. ఆ మొహమాటంలో నా వ్రతం చెడింది. బల్ల మీదున్న కోడి కాసు తీసుకుని, బేరమాడకుండా నలభై రింగిట్లు ఇచ్చేశాను. సింగపూర్‌లోని ఇంగ్లీషు వర్తకులు మలయా దీవుల వ్యాపారం కోసం కొట్టించిన రాగి కాసు ఇది. ఒకవైపు పుంజు, అరబ్బీ లిపిలో 'తనహ్ మెలాయు', అంటే మలయా నేల అని. రెండోవైపు హిజ్రీ 1247, అంటే 1831.

భీమిలి తిరిగొచ్చాక, ఆదివారం మా బృందమంతా పోస్టుమాస్టరు గారి అరుగు మీద కూర్చున్నాం. మా పద్ధతి ఏమిటంటే, ముందు బిళ్ల పెట్టాలి, తర్వాత అది చేతికొచ్చిన కథ చెప్పాలి. ధర ఆఖరున. సుల్తానుకు మంచి మర్యాద దొరికింది. వామనగుంటల పీట చేతులు మారి మారి నా దగ్గరికి తిరిగి రానేలేదు.

కోడిని పోస్టుమాస్టరు గారు గోటితో అంచు చుట్టూ తడిమి, భూతద్దం పెట్టారు.

"అంచు చూశారా మాస్టారూ? చుట్టూతా గీత. ఇది కొట్టింది కాదు, అచ్చులో పోసింది."

"పందేనికి పనికిరాదన్నమాట" అన్నారెవరో. ఏరుకునేవాణ్నని ఇన్నాళ్లు ఉపన్యాసం దంచానుగా, అందరూ హాయిగా నవ్వారు.

తర్వాత సెంటు తిరిగింది. "ఎవరండీ దీన్ని తోమింది?" అన్నారు పోస్టుమాస్టరు గారు కోపంగా.

"మా మామ్మ."

ఆయన దాన్ని పంచె కొంగుతో ఒత్తి నా చేతిలో పెట్టారు.

ఇంటికొచ్చి కోడిని అట్ట హోల్డర్‌లో పెట్టి, 'నకిలీ. మలక్కా. 40 రింగిట్లు' అని రాసి, ఆల్బమ్‌లో సెంటు పక్క గదిలో దూర్చాను.