నేలయు నుదుటివ్రాతయు

మనుష్యుల ఆహారము, వేషము, భాష, భక్తి యన్నియు వారు నివసించు నేలనుండియే పుట్టునను వాదము మిక్కిలి పాతది. మన ఆయుర్వేదాచార్యులు దేశమును జాంగలము, ఆనూపము, సాధారణము అని మూడు విధములుగా విభజించి, ఆ యా దేశములవారి దేహతత్త్వములను వేర్వేరుగా వర్ణించిరి. గ్రీకుదేశమున హిపోక్రటీసు పేర వెలసిన గ్రంథమొకటి గాలిని, నీటిని, చోటును బట్టి జాతుల స్వభావములను నిర్ణయింప జూచినది. ఫ్రాన్సుదేశపు మాంటెస్క్యూ 1748లో ప్రకటించిన గ్రంథమున చలిదేశములవారు ఉత్సాహవంతులనియు, ఉష్ణదేశములవారు అలసులనియు వ్రాసెను. ఉష్ణదేశమున పుట్టి, వేసవిలో రేకుల కప్పు క్రింద పాఠములు చెప్పి బ్రదుకుచున్న నాకు ఈ మాట చదివినప్పుడెల్ల నవ్వు వచ్చును. మిట్టమధ్యాహ్నపు టెండలో నడుము వంచి నాట్లు వేయు మా జిల్లా స్త్రీలను ఆ పండితుడు చూచియుండడు.

అయినను ఈ వాదమున సత్యము బొత్తిగా లేదని నేననను. నల్లగొండను ఆనుకొనియున్న పానగల్లు ప్రాంతమున ఇరువది యేండ్లకు పైగా నేను బడిపంతులుగా నున్నాను. ఇచ్చటి నేలయంతయు రాతిగుట్టలు, ఎర్రచెలకలు. వాన ఏటికి సుమారు 700, 750 మిల్లీమీటర్లు. అదియు నాలుగు మాసములలోనే వచ్చిపోవును. కృష్ణానది జిల్లాకు దక్షిణపుటంచున లోతుగా పారునే గాని, ఈ మెట్టపైకి తనంతట ఎక్కిరాదు. కావుననే జొన్నరొట్టె, గటక, అంబలి మా పెద్దలకు నిత్యభోజనమైనవి. వరియన్నము పండుగనాటి ముచ్చటగా నుండెను. మా బతుకమ్మ పండుగను చూడుడు. ఎవ్వరును నీరు పోయకయే చెలకలలోను, బీళ్లలోను పూచు తంగేడును గునుగును ఆడువారు తెచ్చి, వరుసలుగా పేర్చి, పాడి, తుదకు చెరువులో విడుతురు. వానకాలము ముగిసి చెరువు నిండియుండు దినములలోనే ఆ పండుగ వచ్చును. మెట్టనేల పూలు, చెరువు నీరు, ఈ రెండు లేనిచో ఆ పండుగయే లేదు. ఇంతవరకు నేల మనుష్యుని తీర్చిదిద్దునని ఒప్పుకొనవలసినదే.

కాని పండుగకు కావలసిన చెరువును ఎవరు చేసిరి? ఇచ్చటనే ఆ వాదము తడబడుచున్నది.

పానగల్లు 11, 12 శతాబ్దములలో కందూరు చోడుల రాజధాని. ఆ వంశములోని ఉదయచోడుని పేర వెలసినది మా ఊరి పెద్దచెరువు, ఉదయసముద్రము. ఒకనాడు పిల్లలను కట్టమీదికి తీసికొనిపోగా, ఒక బాలుడు “సారూ, మన దగ్గర సముద్రం లేకపాయె. మరి చెరువుకు సముద్రమని పేరెందుకు పెట్టిన్రు?” అని యడిగెను. సముద్రము లేకపోవుటచేతనే నాయనా, అని చెప్పితిని. తీరమున పుట్టినవాడు చెరువును చెరువనియే యనును. నీటికై మొగము వాచినవారు, తమ చేతులతో కట్టిన కట్టవెనుక నీరు తళతళలాడుట చూచి, దానికి సముద్రమని పేరిడిరి. వారి కొరతను తెచ్చినది నేల. కట్టను తెచ్చినది వారి పూనిక.

ఆ చెరువు సమీపముననే, పొలముల నడుమ, ఛాయాసోమేశ్వరాలయము కలదు. మూడు గర్భగుడులకు ఒకటే మండపము. అందొక గర్భగుడిలో పగలంతయు కదలని నీడ యొకటి పడియుండును. దానిని మహిమయని మ్రొక్కువారు పెక్కురు. స్తంభముల అమరికను, వాని నడుమనుండి చెదరి వచ్చు వెలుగును లెక్కగట్టిన శిల్పి బుద్ధికి మ్రొక్కువారు తక్కువ. మనుష్యుని పనిని దేవుని లెక్కలోనో, నేల లెక్కలోనో వ్రాసివేయుట మనకు పాత అలవాటు.

మన పూర్వులందరును అట్లు తలపలేదు. కడపజిల్లా పోరుమామిళ్లలో 1369వ సంవత్సరపు సంస్కృత శాసనమొకటి కలదు. విజయనగరపు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించిన అనంతరాజసాగరమను చెరువును గూర్చినది. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు సాధనములను, రాదగని ఆరు దోషములను అందు లెక్కించిరి. సాధనములలో గట్టి నేల, తీయని నీటి నది, ఇరువైపుల కొండలు ఉన్నవి. వాని సరసనే ధర్మపరుడైన రాజు, జలశాస్త్ర మెరిగినవాడు, నేర్పుగల పనివాండ్రు కూడ ఉన్నారు. దోషములలో కట్ట ఊరుట, చవుడు నేల యనువానితో పాటు రెండు రాజ్యముల సరిహద్దున చెరువుండుట కూడ ఒకటి. నాకు ఈ తుది దోషము మిక్కిలి ఆలోచన కలిగించినది. సరిహద్దు కొండగాదు, వానగాదు, అది చరిత్ర. మట్టియెంత మంచిదైనను, ఇరువురు పాలకులు కలహించుచోట కట్టకు మన్ను పోయువాడుండడు. ఆ చెరువునకు దినమునకు వేయిమంది పనివారును, నూరు బండ్లును రెండేండ్లు పనిచేసిన సంగతియు ఆ శాసనముననే యున్నది. నేలను, రాజును, కూలివానిని ఒకే పట్టికలో చేర్చిన ఆ శాసనకర్త మాంటెస్క్యూకంటె లోతుగా చూచెనని నేను తలచెదను.

ఇతర దేశములను పరిశీలించినను ఇదియే కనబడును. మా ఉదయసముద్రము వెలసినకాలమునకు ఇంచుమించుగా, సింహళమున 1153 మొదలు 1186 వరకు ఏలిన పరాక్రమబాహువు పొలన్నరువలో గొప్ప చెరువు కట్టించెను. దానికిని పరాక్రమ సముద్రమనియే పేరు! ఆ ద్వీపమున వానలు తక్కువయైన ఉత్తర భాగమే వేయేండ్లకు పైగా నగరములకు, విద్యలకు నిలయమైయుండెను. 13వ శతాబ్దమున దండయాత్రలు, కలహములు చెలరేగి, చెరువుల పోషణ చెడి, జనులు క్రమముగా వానలు విస్తారముగా గల నైరృతి దిక్కునకు తరలిరి. వెనుకటి పట్టణములను అడవి క్రమ్మెను. వాన మునుపటివలెనే కురియుచుండెను, నేలయు అదియే. మారినది చరిత్ర.

మనవారు మెట్టనేలను, డెల్టానేలను పోల్చి, అచ్చట నేల బంగారము గనుక జనులు చురుకైనవారనియు, ఇచ్చట నేల రాయి గనుక జనులు మొద్దులనియు నాలుకకు వచ్చినట్లు చెప్పుదురు. వారు 1832, 33 సంవత్సరముల గుంటూరు కరవును స్మరింపవలెను. ప్రక్కన కృష్ణ పారుచుండగనే ఆ సీమలో లక్షకు మించి జనులు తిండిలేక చనిపోయిరి. గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, కృష్ణపై బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియైన పిమ్మటనే ఆ నేల బంగారమైనది. ఇటు మా పాలమూరు కూలీలు దేశమంతట ఆనకట్టలకు, కాలువలకు మట్టి తవ్వి, రాయి మోసి పేరుగాంచిరి. ఇతరుల నేలలను తడిపిన చేతులు సోమరిచేతులని చెప్పుటకు ఎవరికి నోరాడును?

ఈ విషయము నాకు వట్టి పాఠ్యవిషయము గాదు. మా మేనత్తను మర్రిగూడెము వైపు ఇచ్చిరి. నలువది యేండ్లు నిండకమునుపే ఆమె నడుము వంగిపోయెను. నేను కాలేజీలో చదువునాటికి ఆమె తల యెత్తి నా మొగము చూడలేక, నా పాదములను చూచుచు మాటలాడెడిది. “ఏ జన్మల ఏం పాపం చేసిన్నో బిడ్డా” అనెడిది. చుట్టములును అదే మాట యనిరి. ఆ యింటి పిల్లల పండ్లు గోధుమవర్ణపు చారలతో నుండెను. ఒక యింటి పాపము వీధి వీధి నెట్లు అంటుకొనెనని యెవరును ప్రశ్నింపలేదు. ఆమె త్రాగినది బావినీరు. రాతిపొరలలోని ఫ్లోరైడు ఆ నీటిలో కరగి, ఎముకలలో పేరుకొని, కీళ్లను బిగించినది. నల్లగొండలో ఈ వ్యాధి యున్నట్లు 1945లోనే వైద్యులు గుర్తించియుండిరి. తెలిసిన సంగతి వాడలకు చేరుటకును, సంగతి వెనుక నీరు చేరుటకును ఆమె జీవితము చాలలేదు.

1975 ప్రాంతమున నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు పద్ధతి నొకదానిని ఏర్పరచిరి. దానికి నల్లగొండ పద్ధతియని పేరు. ఇదే బాధతో నున్న కెన్యా, టాంజానియా, ఇథియోపియాలవరకు ఆ పద్ధతియు, మా ఊరి పేరును పోయినవి. పిమ్మట కృష్ణాజలమును పుట్టంగండి యొద్ద పైకెత్తి, అక్కంపల్లి జలాశయముగుండ మా ఉదయసముద్రమునకు తెచ్చిరి. 2016 నుండి మిషన్ భగీరథ గొట్టములు పల్లెలకు నదీజలమును చేర్చుచున్నవి. మంచినీరు త్రాగి పెరిగిన పిల్లలు నా తరగతిలో నిటారుగా కూర్చుండుట చూచుచున్నాను. పూర్వజన్మలు మారలేదు, రాయి మారలేదు, నీరు మారినది.

కావున చదువరులారా, నాకు తోచినది ఇది. మనలోని కర్మవాదమును, పాశ్చాత్యుల శీతోష్ణవాదమును కవలపిల్లలు. ఒకటి నుదుటివ్రాతయనును, ఒకటి నేలవ్రాతయనును. రెండును బాధపడువానిని ఊరకుండుమని బోధించును, బాధ్యుడైనవానిని నిద్రపుచ్చును. నేల మనకొక ప్రశ్న వేయును, నిజమే. సమాధానము వ్రాయుట మన వంతు. ఆ సమాధానములో ఎవరికి పాలు దక్కెను, ఎవరికి దక్కలేదు అనునదే సంస్కృతికి గీటురాయి.

ఈ గీటురాయిపై మన పూర్వుల చెరువులను గీచిచూచినప్పుడు మచ్చయు కనబడును. చెరువు తూము తెరచి, మడి మడికి వంతు ప్రకారము నీరు పెట్టువానిని మా వైపు నీరటియందురు. చాల ఊళ్లలో ఈ పని దళితులది. ఎవరి పొలమునకెంత నీరో అతనికి తెలియును. అతని మాటపై ఊరి పంట నడచును. అట్టివాడు దప్పిగొని ఊరి బావికడకు వచ్చినచో చేద ముట్టరాదు; దోసిలి పట్టి నిలిచినచో పైనుండి పోసెడివారు. ఊరందరికి నీరు పంచిన చేతికి నీరు ముట్టు హక్కు లేకపోవుట ఏ వాతావరణము చేసిన పని? ఏ రాతిపొర దానిని శాసించినది? అది మనుష్యులు చేసినది. కనుకనే మనుష్యులు చెరుపగలరు.

హాలెండు దేశమున చాలభాగము సముద్రమట్టమునకు క్రిందనున్నది. కట్ట తెగినచో ధనికుడును దరిద్రుడును ఒక్కటే మునుగుదురు. 13వ శతాబ్దమునుండి అచ్చటివారు నీటి మండలులను ఏర్పరచుకొని, కట్టల పోషణమును తమలో తాము పంచుకొనిరి. ఆ మండలులు నేటికిని పనిచేయుచున్నవి. పల్లపు తీరములు ప్రపంచమున ఎన్నియో కలవు; పల్లమే ఆ మండలులను పుట్టించియుండినచో అన్నిచోట్లను పుట్టవలసియుండెను. తీర్మానించుకొని, తరతరములు తప్పక నడపిన ఏర్పాటు అది.

మన యిండ్లలో పిల్లలు, మనమేల వెనుకబడితిమని అడుగుదురు. నేల మంచిది కాదనియో, వ్రాత మంచిది కాదనియో చెప్పి పంపివేయుట సులభము. అట్లు చేయక, మన ఊరి చెరువు ఎవరు కట్టిరో, ఎవరు పాడుచేసిరో, శిఖము ఎవరు ఆక్రమించిరో, తూముకడ నిలిచినవాడు ఏ వాడనుండి వచ్చెడివాడో చెప్పవలెను. తల్లులు బతుకమ్మను నీట విడుచునప్పుడు ఆ నీటి కథను కూడ చెప్పవలెను. అటుపిమ్మట మత్తడికి అడ్డమైన తుమ్మచెట్టును కొట్టివేయుటకు ఊరివారితో కలిసి తామును పోవలెను.