అర్థము కాని పాఠము

తరగతిలో అందఱి నడుమ కూర్చుండియు, ఉపాధ్యాయుని మాట యొక్కటియు బోధపడని బాలుడు చెవులుండియు వినలేనివాడే. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున, ఆంగ్లము రాని చీనా విద్యార్థులు సుమారు 1,800 మంది అట్టి స్థితిలో నుండిరి. వారికి ఆ భాషను ప్రత్యేకముగ నేర్పువారు లేకపోయిరి. 1970లో వారి పక్షమున వ్యాజ్యము మొదలయ్యెను. అందఱికిని అవే పుస్తకములు, ఆ గురువులే కావున అన్యాయము లేదని క్రింది న్యాయస్థానములు పలికెను. 1974లో అత్యున్నత న్యాయస్థానము ఏకగ్రీవముగ ఆ తీర్పును త్రోసిపుచ్చెను. అర్థము కాని బోధ అందఱికిని ఒకటే యైనంతమాత్రమున సమానము కాదని తేల్చెను.

కాని తీర్పు పాఠము చెప్పదు. బొమ్మ గీసి, వస్తువు చూపి, తల్లిభాషలో సందేహము నడుగనిచ్చి, తప్పు పలికినను నవ్వక యోపికతో దిద్దు గురువు కావలెను. ప్రక్కన కూర్చుండి సాయపడు సహపాఠియు కావలెను.