అవ్వ చీరలకు కత్తెర పెట్టకుండా

నిరుడు అవ్వ సంవత్సరీకం అయిన మర్నాడు బేతమంగళ ఇంట్లో ఆమె ట్రంకు పెట్టె తెరిచాం. మేము అంటే బెంగళూరు, హోసూరు, చిత్తూరుల నుంచి వచ్చిన మనవలూ మనవరాళ్లమూ. ఇంట్లో ఉండేది అత్త ఒక్కరే.

పట్టుచీరలు నాలుగంటే నాలుగే ఉన్నాయి. కోలారు జిల్లాకు పాలు, పట్టు, బంగారం అని పేరు. కానీ పట్టుపురుగులు మేపిన ఇళ్లల్లో కూడా ఆడవాళ్లు రోజూ కట్టింది నూలే. మా అవ్వా అంతే. వెంకటగిరి చీరలు మూడు, ఇళకల్ చీర ఒకటి, గనుల్లోని తమిళ అంగడివాళ్ల దగ్గర కొన్న మదురై సుంగుడి చీరలు రెండు, మిగతావి సంతలో తెచ్చిన పేరులేని నూలు చీరలు. అన్నిటికీ అడుగున తాత తువ్వాళ్లు, కుట్టు వెయ్యని లుంగీలు. తాత ఛాంపియన్ రీఫ్ గనిలో పనిచేసినాడు. 2001లో గనులు మూసేసే నాటికి ఆయన రిటైరై చాలా ఏళ్లయింది. ఆ తువ్వాళ్లు మాత్రం అవ్వ పారెయ్యలేదు.

పట్టుచీరలు పంచుకోవడంలో గొడవేమీ రాలేదు. చిక్కంతా నూలు చీరలతోనే. "పోయినోళ్ల బట్టలు ఇంట్లో పెట్టుకునేది మంచిది కాదు, ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నాడు చిన్నాన్న. బాగున్నవి మొదటి నెలలోనే ఇచ్చేసి ఉన్నాం. మిగిలినవి పలచబడినవి, అంచు దగ్గర పిగిలినవి. వాటిని ఒకరికి ఇవ్వడం మర్యాద కాదు. పారెయ్యడానికి ఎవరికీ మనసు రాలేదు. చివరికి మాలో ఒకరికి ఆలోచన వచ్చింది: సోఫా మీదికి దిండ్లు చేసుకుందాం, తలా ఇంటికి ఒకటి. కుట్టు రానివాళ్ల కోసం జిగురుతో అతికించే పద్ధతి ఫోన్‌లో చూశాం.

అలా చేసిన తప్పు ఇది. మెరూన్ రంగు సుంగుడి చీర ఒకటి తీసి, 17 అంగుళాల చదరాలుగా కత్తిరించి, అంచులకు వేడి జిగురు పూశాం. నూలు పాతది, పలచనిది. జిగురు ఇవతలికి ఊరి, ఆరినాక అప్పడంలా బిరుసెక్కింది. మూల పట్టుకుని కొంచెం లాగితే జిగురు ఊడలేదు, బట్టే చిరిగింది. అత్త వంటింట్లోంచి వచ్చి చూశారు. కింద పడి ఉన్న పైట ముక్కను తీసుకుని, మడిచి, లోపలికి వెళ్లిపోయారు. ఆ రాత్రి అందరికీ అన్నం వడ్డించారు గాని మాతో మాట్లాడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది అనిపించింది.

మర్నాడు పొద్దున అత్తే పిలిచారు. "దిండే కదా మీకు కావాల్సింది? దానికి చీరను కొయ్యేది యాల? మూట కట్టేది మరిచిపోయినారా?"

నిజమే, మరిచిపోయాం. చాకలి మూట, సంతకు పోయేవాళ్ల సద్దిమూట, ప్రయాణంలో తలకింద పెట్టుకున్న బట్టల మూట, అన్నీ చూసి పెరిగినవాళ్లమే. జపాన్‌లో చదరపు బట్టతో వస్తువులు చుట్టి ముడివేసే పద్ధతికి ఫురోషికి అని పేరు, దాని మీద పుస్తకాలున్నాయి. మన మూటకు పుస్తకం ఎవరు రాస్తారు!

అత్త చూపించింది రెండు రకాలు. మొదటిది చీర దిండు. ఇందులో చీరే గలేబు, చీరే దూది. ఆరు గజాల చీర పొడవు 216 అంగుళాలు, పన్నా సుమారు 45. పైట వైపు రెండున్నర మూరలు, అంటే పన్నా అంత పొడవు, విడిగా వదిలెయ్యాలి. మిగతా చీరను నిలువునా మూడు మడతలు పెడితే 15 అంగుళాల పట్టీ అవుతుంది. రెండో కొంగు నుంచి మొదలుపెట్టి ఆ పట్టీని 15 అంగుళాలకొక మడత వేసుకుంటూ పైట దాకా రావాలి. పదకొండు మడతలొస్తాయి. మధ్యలో తాత తువ్వాలు ఒకటో రెండో పెడితే మందం సరిపోతుంది. తర్వాత విప్పి ఉంచిన పైటకు రెండు పక్కలనూ లోపలికి మడిస్తే అది కూడా 15 అంగుళాల వెడల్పవుతుంది. మడతల దిమ్మెను ఆ పైట మీదికి ఒకసారి బిగువుగా దొర్లించి, మిగిలిన కొసను వెనకవైపు మడతల సందులోకి లోతుగా దూర్చాలి. పైట బొమ్మ సరిగ్గా దిండు ముందుకు వస్తుంది. కొస దూర్చడం అరచెయ్యి లోతుకు తక్కువైతే రెండు రోజుల్లో ఊడొస్తుంది. మొదటిసారి మాకు ఊడొచ్చింది.

రెండోది లుంగీ దిండు, ఇది ఇంకా సులువు. రెండు మీటర్ల లుంగీని సగానికి మడిస్తే సుమారు మీటరు చదరం. దాని నడుమ 14 అంగుళాల పాత దిండునో, బట్టల దిమ్మెనో ఏటవాలుగా పెట్టాలి, అంటే లుంగీ మూలలు దిండు పక్కలకు ఎదురుగా రావాలి. ఎదురెదురు మూలలు రెండు దిండు మీదికి మడిచి కిందికి దోపాలి. మిగిలిన రెండు మూలలు గట్టిగా లాగి నడుమ రెండు ముళ్లు వెయ్యాలి. ముడే పువ్వులా కనిపిస్తుంది. 18 అంగుళాల దిండుకైతే లుంగీ చాలదు, 45 అంగుళాల చదరం కావాలి.

లోపల పెట్టేదాని గురించి ఒక మాట. మా చిన్నప్పుడు దిండంటే బూరుగు దూది. ఏడాదికొకసారి దూది ఏకేవాళ్లు వీధిలోకి వచ్చేవాళ్లు, ఆ వింటినారి చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది. దూది ఉంటే తేలిగ్గా ఉంటుంది. పాత బట్టలతో నింపిన దిండు బరువెక్కువ, గట్టిగానూ ఉంటుంది. తలకింద రాత్రంతా పెట్టుకోవడానికి పనికిరాదు, వీపుకు ఆనించుకోవడానికి మాత్రం దాన్ని మించింది లేదు. చింపిన పీలికలకన్నా పరిచి మడిచిన బట్టే మేలు, పీలికలు ఒక మూలకు చేరి గడ్డకడతాయి.

ముందు అన్నిటినీ ఉతికి, పలచటి గంజి పెట్టి ఎండలో ఆరెయ్యాలి. గంజి ఉంటే మడత నిలుస్తుంది. ఎక్కువైతే పురుగుకు విందు. మేము మడతల్లో ఎండిన వేపాకు పెట్టాం. నైలెక్స్, పాలిస్టర్ చీరలతో ఇది కుదరదు, ముడి జారిపోతుంది. జరీ చీరల జోలికి పోవద్దు, మడత దగ్గర జరీ తెగుతుంది. ఖర్చు అంటారా, గంజిపొడి కూడా కొనలేదు, అన్నం వార్చిన గంజే.

పనిచేస్తూ ఉంటే అత్త చాలా చెప్పారు. ఏ చీర ఎప్పుడు కొన్నదో, ఏది కట్టుకుని అవ్వ మారికుప్పం బండెక్కిందో. సుంగుడి చుక్కలు అసలు బట్టకు దారంతో ముడులేసి అద్దకంలో ముంచితే వచ్చేవని కూడా ఆమే చెప్పారు. ముడితో పుట్టిన చీరకు మేము జిగురు పూశామన్నమాట. ఆ సంగతి ఆమె అనలేదు, మాకే తట్టింది.

మొత్తం తొమ్మిది దిండ్లయినాయి. చిన్నాన్న ముందు వద్దన్నాడు గాని, తాత నీలి గళ్ల లుంగీతో కట్టినదాన్ని తానే చంకలో పెట్టుకుని బస్సెక్కాడు. మా పిల్లలు వాటిని కుషన్ అంటారు. బెంగళూరులో పెరిగినవాళ్లు, తెలుగు ఇంట్లో మాత్రమే వింటారు. అయినా "అవ్వ మూట ఎక్కడ?" అని అడగడం మొదలుపెట్టారు, ఆ మాట ఎవరు నేర్పారో తెలియదు.

ఈ ఏడాది ఉగాది తర్వాత హోసూరులో ఉన్న మా చెల్లెలికి కాన్పయింది. అత్త ఫోన్ చేసి మమ్మల్ని అడిగిందొకటే: "మీ దగ్గరుండే వెంకటగిరి దిండు విప్పి పంపించండి. బిడ్డకు ఉయ్యాల కట్టేదానికి పాత నూలు చీర కావాలంట, కొత్తది గరుగ్గా ఉంటాదంట."

కొస లాగితే చాలు, రెండు నిమిషాల్లో దిండు మళ్లీ చీరైపోయింది. మడతల గుర్తులు తప్ప ఎక్కడా ఒక్క చిల్లు లేదు. ఉతికి పంపించాం. లోపలుండిన తాత తువ్వాళ్లు రెండూ సోఫా మీద అలాగే ఉన్నాయి, చీర వచ్చేదాకా. కత్తిరించిన సుంగుడి చదరాలు అత్త పెట్టెలోనే ఉన్నాయి. వాటిని బొంతలో వేసి కుడతానన్నారు. సూదిలో దారం ఎక్కించడానికి ఒకరు రావాలట.