నాన్న రేకు... బిడ్డ తెర!

బత్తాయి తొక్కను చిరగకుండా, ముడత పడకుండా బల్ల మీద పరచగలరా? ఎంత నేర్పుగా ఒలిచినా కుదరదు. సినిమాల్లో గ్రాఫిక్స్ బొమ్మలకు రంగూ రూపూ తొడిగేవాళ్లకు రోజూ ఎదురయ్యే చిక్కు ఇదే.

కంప్యూటర్లో తయారైన పులి మొదట ఉత్త బూడిదరంగు ముద్ద. చారలూ మచ్చలూ చదునైన చిత్రంగా గీసి దానిమీద తొడగాలి. అందుకోసం దర్జీ పాత జాకెట్టు కుట్లు విప్పి ముక్కలు పరిచినట్టు, పులి పైపొరను విప్పి పరుస్తారు. ఎక్స్, వై, జడ్ అక్షరాలు బొమ్మ కొలతలకే సరిపోయాయి కాబట్టి, పరిచిన పొర కొలతలకు యు, వి అని పేరు పెట్టారు. అదే యూవీ మ్యాపింగ్! బొమ్మలకు ఇలా చిత్రాలు తొడగడానికి 1974లో దారి చూపింది ఎడ్విన్ క్యాట్మల్. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో ఆయన పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసంలోనే ఆ పద్ధతి ఉంది. తర్వాత పిక్సర్ సంస్థ వ్యవస్థాపకుల్లో ఆయనా ఒకరయ్యారు.

ఇదంతా ఎక్కడో అమెరికా విద్య అనుకునేరు. సంగారెడ్డి జిల్లా పటేల్‌గూడ చుట్టుపక్కల, పటాన్‌చెరు పారిశ్రామికవాడ షెడ్లలో రేకుపని చేసేవాళ్లకు ఇది చేతిలో ఉన్న విద్యే. ఇనుప గరాటా చేయాలంటే ముందు దాన్ని మనసులోనే విప్పి, రేకు మీద గీస్తారు. ఆ గీత ప్రకారం కోసి, వంచి, వెల్డింగ్ చేస్తారు. గరాటా, గొట్టం ఎక్కడా సాగకుండా చదునుగా విప్పుకుంటాయి. ట్యాంకు గుండ్రటి మూత మాత్రం అలా లొంగదు. దానికోసం ప్రెస్సులో రేకును సాగదీయాల్సిందే. గోళాన్ని సాగదీయకుండా చదును చేయలేమన్నది 1827లో గౌస్ నిరూపించిన గణిత సూత్రం నుంచి తేలిన సంగతి.

అందుకే నేర్పంతా ఎక్కడ కోయాలన్నదాంట్లో ఉంది. మనిషి బొమ్మకైతే అతుకును చెవి వెనకో, జుట్టు కిందో దాచేస్తారు. చదరంగం గళ్ల చిత్రం తొడిగి చూస్తారు. గడి సాగిందంటే విప్పడంలో ఏదో తేడా ఉన్నట్టే. సాఫ్ట్‌వేర్లు వాటంతటవే విప్పి పరుస్తున్నా, అతుకు ఎక్కడుంటే కంటికి ఆనదో తేల్చడానికి ఇప్పటికీ మనిషి చూపు కావాలి.

2012లో వచ్చిన ‘ఈగ’ గ్రాఫిక్స్‌కు హైదరాబాద్ సంస్థ మకుట వీఎఫ్ఎక్స్ జాతీయ అవార్డు అందుకుంది. అయినా ఇంటర్ అయ్యాక బిడ్డ యానిమేషన్ నేర్చుకుంటానంటే చాలా ఇళ్లలో ఒకటే బెంగ... ‘బొమ్మలేస్తే బువ్వ దొరుకుతదా?’ అని. ఆ బెంగ తీసిపారేయాల్సిందేమీ కాదు. కానీ సమాధానం చెప్పేముందు, విప్పి పరిచిన ఆ బొమ్మను నాన్నకు ఒకసారి చూపించాలి. రేకు మీద గీత గీసిన కళ్లకు అది కొత్తగా కనిపించదు. ‘అతుకు ఎక్కడ పెట్టినవ్ బిడ్డా?’ అని ఆయన అడిగితే చాలు... ఇద్దరిదీ ఒకే పనని తేలిపోయినట్టే!