మేనల్లుడి తీసివేతలు, మామ రబ్బరు

శుక్రవారం సాయంత్రం ఆరు దాటగానే మా అక్క ఫోనుకి వాట్సాప్‌లో ఒక కాయితం వస్తుంది. మా మేనల్లుడి బడి నుంచి. వాడు రెండో తరగతి. సోమవారం ఇంగ్లీషులో ఏ పాఠం, మంగళవారం లెక్కల్లో ఏం చేశారు, బుధవారం తెలుగులో ఏ ఒత్తులు, గురువారం ఈవీఎస్, శుక్రవారం డిక్టేషన్ మాటలు... అన్నీ గళ్ళు గీసి చక్కగా ఉంటాయి. అడుగున హోంవర్క్. సోమవారం పొద్దున్నకల్లా పుస్తకం బ్యాగులో ఉండాలి.

మా టీములో కూడా శుక్రవారం సాయంత్రం ఇలాంటి కాయితమే ఒకటి మేనేజరుకి వెళ్తుంది. దాన్ని రాసేది నేనే కాబట్టి, అందులో ఎంత నిజం ఉంటుందో నాకు తెలుసు :) అయినా ఈ కాయితాన్ని మాత్రం జూన్ నుంచి వారం వారం నమ్ముతూ వచ్చాను.

నేనుండేది నాచారంలో. అక్కావాళ్ళది ఉప్పల్. బండి మీద హబ్సిగూడ చౌరస్తా దాకా వచ్చి, అక్కణ్ణించి ఎన్‌జీఆర్‌ఐ ముందునుంచి మెట్రో స్తంభాల నీడలో పోతే ఇరవై నిమిషాలు. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఇరుక్కుంటే మాత్రం నలభై. అక్కడ 2023లో నడిచేవాళ్ళకి ఆకాశ వంతెన కట్టారు గానీ బండ్ల వాళ్ళ బతుకు కింద మామూలే. బావకి చర్లపల్లిలో ఫ్యాక్టరీ షిఫ్టులు. అక్క బీకాం. "నువ్వు ఇంజనీరింగ్ చదివినవ్ కదరా, వానికి లెక్కలు నువ్వే చెప్పు" అని శనివారం డ్యూటీ నాకు వేసింది. ప్రతిఫలం మధ్యాహ్నం భోజనం. బ్రహ్మచారికి మంచి బేరమే.

డ్యూటీ ఎలా నడిచేదో నిజాయితీగా చెప్తాను. బుడ్డోడు పెన్సిలుతో లెక్క చేసేవాడు. నేను పక్కన ఫోను చూసుకుంటూ ఓ కన్నేసేవాణ్ణి. తప్పు కనపడితే రబ్బరు తీసుకుని చెరిపి, "ఇది కాదురా, ఇలా" అని చెప్పేవాణ్ణి. వాడు నేను చెప్పిన అంకె వేసేవాడు. మొత్తం పదిహేను నిమిషాల పని. సోమవారం ఆ పేజీ మీద టీచరు ఎర్ర టిక్కులు, ఒక స్టారు. అక్క ఆ స్టారుని ఫొటో తీసి నాకు పంపేది. నాకూ కొంచెం గర్వంగానే ఉండేది, దాచడమెందుకు.

యూనిట్ టెస్టులో వాడికి లెక్కల్లో పాతికకి తొమ్మిది వచ్చాయి.

పేరెంట్స్ మీటింగుకి బావకి కుదరక నన్ను తీసుకెళ్ళింది అక్క. రెండో తరగతి బెంచీలో కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. టీచరు నాకంటే చిన్నదే అయ్యుంటుంది. ఎడమ చేతి కింద నోట్‌బుక్కు, కుడి చేతి కింద పరీక్ష పేపరు పెట్టి, "హోంవర్క్ ఒక్కటి కూడా తప్పు లేదండీ. పరీక్షలో ఏమైందో నాకే అర్థం కావట్లేదు. భయపడ్డాడేమో. ఇంట్లో ఎవరు చేయిస్తారండీ?" అంది.

అక్క నా వైపు చూసింది. నేను గోడ మీదున్న ఎక్కాల చార్టు చూశాను.

ఆ పేపరు అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. రాత్రి అక్కావాళ్ళ వంటగదిలో నిలబడి చూస్తుంటే అప్పుడు కనపడింది. 42లోంచి 17 తీస్తే 35 అని వేశాడు. 60లోంచి 24 తీస్తే 44. 81లోంచి 36 తీస్తే 55. అదే 58లోంచి 23 తీస్తే మాత్రం 35, అది రైటే. మీకూ ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. కింద అంకె పెద్దదైనా పైన అంకె పెద్దదైనా వాడికి పట్టదు. రెంటిలో పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తున్నాడు. ఒక్క లెక్కలో కూడా ఈ పద్ధతి తప్పలేదు. భయమూ లేదు, అజాగ్రత్తా లేదు. ఇచ్చిన ఇన్‌పుట్‌కి ప్రతిసారీ అదే అవుట్‌పుట్.

పొద్దున్న అడిగాను, "రెండులోంచి ఏడు తీయమంటే నువ్వు ఏడులోంచి రెండు ఎందుకు తీసినవ్?" అని. వాడు నన్నో వెర్రివాణ్ణి చూసినట్టు చూసి, "పెద్దదాంట్లోంచే చిన్నది తీయాలె మామా. ఫస్ట్ క్లాసు టీచర్ చెప్పింది" అన్నాడు.

నిజమే. ఒకటో తరగతిలో అందరికీ అదే చెప్తారు, నాకూ అదే చెప్పారు. వాడు దాన్ని ఒక్క అక్షరం పోకుండా పాటించాడు.

ఇదేమీ మా వాడొక్కడి తెలివి కాదు. 1978లో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే ఇద్దరు కాగ్నిటివ్ సైన్స్ పత్రికలో సరిగ్గా దీని మీదే ఒక పేపరు రాశారు. చిన్న పిల్లలు లెక్కల్లో చేసే తప్పుల్లో చాలావరకు గాలివాటం తప్పులు కావనీ, ఒక తప్పు పద్ధతిని శ్రద్ధగా పాటించడం వల్ల వచ్చేవనీ చూపించారు. వాటికి వాళ్ళు పెట్టిన పేరు ఏమిటో తెలుసా? బగ్స్! వాళ్ళు రాసిన ప్రోగ్రాం పేరు బగ్గీ. టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నవాళ్ళు దాంతో ఒక ఆట ఆడేవాళ్ళు. కంప్యూటరు ఒక పిల్లవాడిలా తప్పుడు జవాబులిస్తుంది, ఆ తప్పుల్ని చూసి లోపలున్న బగ్ ఏమిటో వీళ్ళు కనిపెట్టాలి. పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్యడం అనేది ఆ జాబితాలో అందరికీ తెలిసిన బగ్గుల్లో ఒకటి.

ఇప్పుడు నేను చేసిన పని చూడండి. వాడు వారం వారం సాక్ష్యం కాయితం మీద పెడుతున్నాడు. ఆ ఒక్క పేజీ ఉన్నదున్నట్టు టీచరుకి చేరి ఉంటే, ఆమెకి నిమిషంలో తెలిసిపోయేది. నేనేమో శనివారం శనివారం రబ్బరుతో లాగ్ ఫైలు తుడిచేసి, సోమవారానికి పచ్చటి రిపోర్టు పంపాను. ఆఫీసులో మా జూనియర్ ఎవరైనా టెస్టు ఫెయిలవుతోందని ఎక్స్‌పెక్టెడ్ వాల్యూ మార్చి చెకిన్ చేస్తే నేను వాణ్ణి ఏమంటానో నాకు తెలుసు.

హోంవర్క్ గురించి మనవాళ్ళు మాట్లాడలేదని కాదు. ఆర్కే నారాయణ్ 1989లో రాజ్యసభలో పిల్లల సంచీ బరువు గురించి మాట్లాడారు. ఆ తర్వాత వేసిన యశ్‌పాల్ కమిటీ 1993లో భారం లేని చదువు గురించి నివేదిక ఇచ్చింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం సంచీ బరువుకి పరిమితి పెడుతూ, ప్రైమరీ పిల్లలకి హోంవర్క్ వద్దంది. 2018లో మద్రాస్ హైకోర్టు ఒకటీ రెండూ తరగతులకి హోంవర్క్ ఇవ్వొద్దని చెప్పింది, అదే ఏడాది కేంద్రం కూడా రాష్ట్రాలకి ఆ మాటే రాసింది. 2020 స్కూల్ బ్యాగ్ పాలసీలో రెండో తరగతి దాకా హోంవర్క్ లేదు, మూడు నుంచి అయిదు దాకా వారానికి గరిష్ఠంగా రెండు గంటలు. అంటే కాయితాల లెక్కన మా వాడికి శనివారం నా మొహం చూసే అవసరమే లేదు. మన బళ్ళు ఈ కాయితాల్ని ఎంతవరకు చదివాయో ఉప్పల్ నుంచి ఘట్కేసర్ దాకా ఏ ఇంట్లో అడిగినా చెప్తారు. అమ్మానాన్నలం మనం తక్కువా? హోంవర్క్ ఇవ్వని బడి అంటే "అక్కడ ఏం చదువు చెప్పరంట" అని మనమే అంటాం.

ఇన్నేళ్ళ చర్చంతా ఎన్ని కిలోలు, ఎన్ని గంటలు అన్నదాని మీదే నడిచింది. ఆ పేజీలో ఉన్నది ఎవరి బుర్ర అన్నది పెద్దగా ఎవరూ అడగలేదు. అమెరికాలో హారిస్ కూపర్ అనే ప్రొఫెసర్, ఆయన సహచరులు కలిసి అప్పటిదాకా వచ్చిన పరిశోధనల్ని 2006లో పోగేసి చూస్తే, హైస్కూలు వాళ్ళలో హోంవర్కుకీ మార్కులకీ కాస్త సంబంధం కనపడింది గానీ చిన్న తరగతుల్లో దాదాపు ఏమీ కనపడలేదు. కారణాలు ఆయన వేరే చెప్పారు. అక్కడ కూడా మామలు రబ్బరు పట్టుకుని కూర్చుంటారేమోనని నా అనుమానం.

టీచరుని తప్పు పట్టడం తేలికే. నేనూ మొదట అదే చేశాను, అక్కతో "ఇంత చిన్న విషయం ఆమెకి తెలీదా" అన్నాను. తర్వాత లెక్క వేసి చూశాను. క్లాసులో నలభై మంది. నోట్‌బుక్కుకి రెండు నిమిషాలు అనుకున్నా ఒక్క సబ్జెక్టుకే ఎనభై నిమిషాలు. విద్యాహక్కు చట్టం ప్రైమరీలో ముప్పై మందికి ఒక టీచరుండాలంటుంది. అదే చట్టం 24వ సెక్షన్‌లో, ప్రతి పిల్లవాడికీ ఎంత వచ్చో అంచనా వేసి, అవసరమైతే అదనంగా చెప్పడం టీచరు బాధ్యత అని ఉంది. మంచి మాటే. కానీ ఆమె అంచనా వెయ్యాల్సింది మా వాణ్ణి. ఆమె చేతికి వెళ్ళింది మాత్రం ఇరవయ్యెనిమిదేళ్ళ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు తీసివేతలు.

గ్రామాల్లో పిల్లల చదువు మీద వచ్చే అసర్ సర్వేలో కూడా చూసేది ఇలాంటి రెండంకెల తీసివేతనే, పదుల్లోంచి తెచ్చుకోవాల్సినది. 2024లో దేశం మొత్తం మీద మూడో తరగతి పిల్లల్లో అది చెయ్యగలిగినవాళ్ళు 33.7 శాతం. ఆ సర్వే వాళ్ళు ఇంటికెళ్ళి పిల్లల్ని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి అడుగుతారు. పక్కన రబ్బరుతో మామ ఉండడు.

సరే, బుడ్డోడి సంగతి. "పక్క ఇంట్లోంచి అప్పు తెచ్చుకోవాలి" అని మా చిన్నప్పుడు భువనగిరిలో మా సారు చెప్పిన పద్ధతిలో చెప్పబోయాను. "మల్ల ఎప్పుడు తిరిగియ్యాలె?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్ళుగా ఆ అప్పు నేనూ తీర్చలేదు.

అందుకని అక్క పర్సు తెచ్చాను. నాలుగు పది నోట్లు, రెండు రూపాయి బిళ్ళలు వాడి చేతిలో పెట్టి, "నాకు పదిహేడు రూపాయలియ్యి" అన్నాను. ఒక నోటు ఇచ్చాడు. బిళ్ళల వైపు చూశాడు. మళ్ళీ నా వైపు చూశాడు. "చిల్లర లేదు" అన్నాడు.

"మరి ఏం చేస్తవ్?"

"కిరాణా షాపుకి పోయి తెస్తా" అని నిజంగానే చెప్పులేసుకున్నాడు. ఆపి, షాపు అక్క దగ్గరే పెట్టించాను. ఒక పది నోటు ఇచ్చి పది బిళ్ళలు తెచ్చుకున్నాడు. ఇప్పుడు పన్నెండు బిళ్ళలు. ఏడు నాకు లెక్కపెట్టి ఇచ్చి, మిగిలింది లెక్క చూసుకుని, "ఇరవై అయిదే ఉన్నయ్ మామా" అన్నాడు బాధగా. పేపరు మీద ముప్పై అయిదు వచ్చాయి కదా, పది రూపాయలు ఎక్కడో పోయాయని వాడి అనుమానం. అక్క మీద :)

ఆ శనివారం మొదటిసారి వాడి పేజీ ముట్టుకోలేదు. ఎనిమిది లెక్కల్లో మూడు తప్పులు. అక్కతో చిన్న యుద్ధమే అయింది. "తప్పులతోని పంపిస్తే స్టార్ రాదు, వాడు ఏడుస్తడు, టీచరు మనకి పట్టింపు లేదనుకుంటది. అందరి పిల్లలు రైట్ చేసుకొస్తరు, మనోడు ఒక్కడే ఇట్ల పోవాల్నా?" అంది. ఆమె మాటలో తప్పు లేదు. అందరూ దిద్ది పంపే చోట దిద్దకుండా పంపినవాడు మొద్దులా కనపడతాడు. చివరికి పేజీ చివర పెన్సిలుతో "వాడే చేశాడు, మేము దిద్దలేదు" అని రాసి పంపించాం.

సోమవారం మూడు ఎర్ర ఇంటూలు వచ్చాయి. స్టారు లేదు. వాడు అన్నం తినలేదని అక్క ఫోను చేసి నన్ను తిట్టింది. స్టాండప్ కాల్‌లో ఉండి మ్యూట్‌లో తిట్లు తిన్నాను.

బుధవారం నోట్‌బుక్కులో వాడి మూడు తప్పుల పక్కన టీచరు చేత్తో వేసిన బొమ్మ ఉంది. పదుల కట్టలు, విడి పుల్లలు, ఒక కట్ట విప్పినట్టు గీత. ఏం జరిగిందిరా అంటే, వాణ్ణి బోర్డు దగ్గరికి పిలిచి ఎలా చేశావో చెప్పమందట. చెప్పాడట. "మరి అందరూ నవ్విండ్రా?" అని అడిగింది అక్క భయంగా.

"లేదు. ఇంకా కొంతమంది గట్లనే చేసిండ్రు" అన్నాడు.

వాళ్ళ నోట్‌బుక్కుల నిండా కూడా స్టార్లే ఉండి ఉంటాయి.

మొన్న శుక్రవారం కొత్త కాయితం వచ్చింది. ఈ వారం మూడంకెల తీసివేతలు. మొదటి లెక్క 300లోంచి 147. మధ్యలో సున్నా. పదుల గదిలో చిల్లర మార్చడానికి ఒక్క నోటు కూడా లేదు, వంద నోటు దాకా పోవాలి. బుడ్డోడు కాసేపు పెన్సిలు నమిలి 247 అని వేశాడు.

రబ్బరు నా జేబులోనే ఉంది. అక్క వంటగదిలోంచి తొంగి చూస్తోంది.

"అక్కా, నీ పర్సులో వంద నోట్లు ఎన్నున్నయ్?" అన్నాను.