పోరుమామిళ్ల సీమలో నీటి ఆనవాళ్లు

బద్వేలు నుంచి గిద్దలూరు వెళ్లే దారిలో పోరుమామిళ్ల వస్తుంది. పడమటి దిక్కున నల్లమల కొండలు, తూర్పున వెలిగొండలు. ఆ రెంటి నడుమ సగిలేరు దక్షిణానికి పారి పెన్నలో కలుస్తుంది. కడప జిల్లాలో ఏడాదికి కురిసేది సగటున 700 మిల్లీమీటర్లు. ఆ వాన కూడా ఏడాది పొడవునా సర్దుకుని కురవదు. కొన్ని గట్టి వానలకు వంకలు ఒక్కసారిగా పొంగుతాయి, నాలుగు రోజుల్లో మళ్లీ ఇసుక తేలుతుంది. ఆ నాలుగు రోజుల నీటిని ఆపగలిగిన చోటే ఇక్కడ ఊళ్లు బతికాయి. అందుకే ఈ సీమ చరిత్ర తెలుసుకోవాలనుకునేవాళ్లు కోటల దగ్గర కాకుండా చెరువు కట్టల దగ్గర మొదలుపెట్టాలి.

ఆ కట్టల్లో పెద్దది పోరుమామిళ్ల చెరువుది. కట్టించినప్పటి శాసనంలో దీని పేరు అనంతరాజసాగరం. నాలుగు కొండల్ని మూడు చిన్న మట్టికట్టలతో కలిపి మల్దేవి వాగును ఆపారు. నీటి అలలు తగిలే వైపు కడప బండలు పరిచారు. కొండలతో కలుపుకుని కట్ట పొడవు సుమారు 14,000 అడుగులు ఉంటే, అందులో మనుషులు పోసిన కట్ట 4,500 అడుగులే. తక్కిన పని కొండలకే వదిలేశారు. చోటు ఎంచుకోవడంలోనే సగం చెరువు కట్టేశారన్నమాట.

ఈ చెరువును 1369లో కట్టించినవాడు విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు. తూర్పున వెలిగొండలకు అవతల ఉన్న ఉదయగిరి నుంచి ఈ ప్రాంతాన్ని ఏలేవాడు. ఊళ్లో భైరవాలయం ముందు రెండు పెద్ద బండల మీద సంస్కృత శ్లోకాల్లో ఈ సంగతంతా చెక్కించాడు. దానశాసనాలు మనకు వేలల్లో ఉన్నాయి. ఎవరు ఎవరికి ఏ భూమి ఇచ్చారో, అది కాజేసినవాడు ఏ నరకానికి పోతాడో చెప్పి చాలావరకు అవి ముగుస్తాయి. ఈ శాసనం మాత్రం చెరువు ఎలా కట్టాలో చెబుతుంది. దీన్ని చదివి, పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటంలో అచ్చువేసినవాడు విష్ణు సుక్తాంకర్. తర్వాతి కాలంలో పుణేలో మహాభారత సంశోధిత ప్రతికి ప్రధాన సంపాదకుడైంది ఆయనే. అంతటి పండితుడి చేతిలో పడటం ఈ బండల అదృష్టం.

మంచి చెరువుకు పన్నెండు సాధనాలు కావాలంటుంది శాసనం. మొదటిది ధర్మబుద్ధీ, సంపదా, నిలిచే కీర్తి మీద కోరికా ఉన్న రాజు. రెండోది జలశాస్త్రం చదువుకున్న పండితుడు. ఆ తర్వాత నేల గురించి మాట్లాడుతుంది. అడుగున గట్టి బంకమన్ను ఉండాలి. పుట్టిన చోటి నుంచి మూడు యోజనాల దూరం పారి వచ్చిన తియ్యటి నీటి ఏరు కావాలి. చెరువును ఆనుకుని కొండ ఉండాలి, ఆ కొండ భాగాల మధ్య రాతితో గట్టిగా, మరీ పొడవు కాకుండా కట్ట పోయాలి. కట్ట రెండు కొసలు పంట భూమి వైపు తిరగకూడదు. చెరువు గర్భం వెడల్పుగా, లోతుగా ఉండాలి. నిడుపాటి తిన్నని రాళ్లు దొరికే గని దగ్గరలోనే ఉండాలి. దిగువన చదునైన సారవంతమైన పొలాలు, కొండ వాలును వాడుకుని వడిగా నీరు వదిలే తూములు ఉండాలి. చిట్టచివరి సాధనం కట్టడంలో ఆరితేరిన పనివాళ్ల బృందం.

ఈ వరుస ఊరికే పేర్చింది కాదని నా నమ్మకం. రాజు నుంచి పనివాళ్ల దాకా ప్రతి ఒక్కరినీ అదే పట్టికలో, అదే గౌరవంతో లెక్కించారు. మట్టిపని, రాతిపని చేసే ఒడ్డెవాళ్ల నేర్పును ఇలా శాస్త్రంలో భాగంగా రాతిమీద ఒప్పుకున్న చోట్లు మన దేశంలో ఎన్నో ఉండవు. ఎంత పని పట్టిందో కూడా శాసనమే చెబుతుంది. రెండేళ్లపాటు రోజుకు వెయ్యిమంది కూలీలు మట్టి మోశారు. రాతిపనికి వంద బళ్లు తిరిగాయి.

తర్వాత ఆరు దోషాలు. కట్ట నుంచి నీరు ఊరడం మొదటిది. చవిటి నేల రెండోది. రెండు రాజ్యాల పొలిమేర మీద చెరువు కట్టడం మూడోది. నది నీళ్ల మీద రాష్ట్రాలు ట్రిబ్యునళ్ల చుట్టూ ఏళ్ల తరబడి తిరగడం చూసిన మనకు ఈ మూడో దోషం వేరే ఎవరూ విడమర్చనక్కర్లేదు. చెరువు నడుమ తాబేటి వీపులా నేల ఉబ్బెత్తుగా ఉండటం, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై పారే నేల తక్కువ కావడం మిగతావి. ఈ చివరి రెండూ పైకి మామూలు లెక్కలే. కానీ ఆ లెక్క తప్పిన చెరువులు, ప్రాజెక్టులు ఈ రోజుకీ కడుతున్నాం.

ఉత్తరంగా ఉన్న కంభం చెరువు కూడా ఈ కుటుంబానిదే. గుండ్లకమ్మకు అడ్డంగా రెండు కొండల నడుమ 57 అడుగుల ఎత్తు కట్ట. కట్టించింది శ్రీకృష్ణదేవరాయల రాణి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ అని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. దాని గురించి విడిగా రాయాలి.

పోరుమామిళ్ల చెరువు కట్టినవాళ్ల గురించి ఇంత తెలిసినా, ఆరున్నర శతాబ్దాలు కాపాడినవాళ్ల పేర్లు ఏ బండమీదా లేవు. వాళ్లను నిలబెట్టింది దశబంధ మాన్యం. చెరువు తవ్వించినవాడికో, తెగిన కట్ట బాగు చేయించినవాడికో ఆయకట్టులో కొంత భూమి పన్ను లేకుండా ఇచ్చేవాళ్లు. ప్రతిఫలంగా ఏటా మరమ్మతు చూడాలి. ఊళ్లో నీరుగంటి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎంతసేపు పారాలి, కట్టలో ఎక్కడ ఎలుక బొరియ పడింది, అలుగు ఎన్ని రోజులు పారింది అన్నీ అతనికే తెలుసు. పంట చేతికొచ్చాక కళ్లంలో అతని వంతు గింజలు అతనికి కొలిచేవాళ్లు. ఎండాకాలం చెరువు ఎండితే రైతులు బళ్లు కట్టుకుని ఒండ్రుమట్టి పొలాలకు తోలుకునేవాళ్లు. పొలానికి ఎరువు దక్కేది, చెరువులో పూడికా తగ్గేది.

1800లో దత్తమండలాలుగా పేరుపడ్డ ఈ సీమ జిల్లాలు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. థామస్ మన్రో దత్తమండలాల ప్రిన్సిపల్ కలెక్టరుగా 1807 దాకా ఇక్కడ రైతువారీ లెక్కలు వేశాడు. చెరువు మరమ్మతు మెల్లగా ఊరి చేతుల్లోంచి మరామత్తు శాఖ దస్త్రాల్లోకి వెళ్లింది. ఊరివాళ్లు అందరూ కలిసి కట్టపని చేసే కుడిమరామత్తు సడలిపోయిందని 1858లో ఒక చట్టం తెచ్చి బలవంతపు పనిగా మార్చారు. ఇష్టంగా చేసుకున్న పనిని శిక్ష భయంతో చేయించబోయేసరికి అది ఇంకా జారిపోయింది. మాన్యం అనుభవిస్తూ చెరువును వదిలేసిన ఇనాందార్లూ లేకపోలేదు. 1956 చట్టంతో ఇనాములు రద్దయ్యాయి. మాన్యం పోయింది సరే, దానితోపాటు ముడిపడ్డ బాధ్యత ఎవరిదో ఎవరూ రాసుకోలేదు. నీరుగంటి స్థానంలో జీతానికి లస్కరు వచ్చాడు. 1997లో నీటి వినియోగదారుల సంఘాల చట్టం ఆ పగ్గాలు మళ్లీ రైతుకు ఇవ్వాలనుకుంది. కాగితం మీద మంచి ఆలోచనే.

చెరువు ఒక్కటే కాదు, దాని కింద బతికిన బావులూ చూడాలి. కట్ట దిగువన ఊటతో తియ్యగా ఉండే నీటి కోసం దిగుడుబావులు తవ్వుకునేవాళ్లు. మెట్ల మీదుగా నీళ్లలోకి దిగి కడవలు ముంచుకోవడం వల్ల నారికురుపు వ్యాపించేది. 1980ల్లో మొదలైన నిర్మూలన కార్యక్రమంలో మెట్లు మూసేసి, చేతిపంపులు వేశారు. 2000లో మన దేశాన్ని నారికురుపు లేని దేశంగా ప్రకటించారు. ఆ బావులు మూయడం న్యాయమే, అందులో విచారించాల్సింది లేదు. కానీ మోట బావుల సంగతి వేరు. పొలాల గట్ల మీద ఇప్పటికీ జంట రాతిస్తంభాలు, వాటి మధ్య గిలక పెట్టిన గంట్లు, ఎద్దులు దిగిన కపిల దారి వాలు కనిపిస్తాయి. పక్కనే పశువుల కోసం కడప బండలతో చేసిన నీళ్ల తొట్టి. కరెంటు మోటార్లు, వాటి వెంట బోర్లు వచ్చాక వీటిని పూడ్చో, చెత్తకు వాడుకునో వదిలేశారు. బోరు ఎంత లోతుకు పోయినా పైన చెరువు నిండితేనే దానికీ ఊట. ఈ సంగతి బోరు వేసిన ప్రతి రైతుకూ తెలుసు.

అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల సంఘం 2020లో పోరుమామిళ్ల చెరువును, కంభం చెరువును, కర్నూలు-కడప (కేసీ) కాలువను వారసత్వ కట్టడాలుగా గుర్తించింది. సంతోషించాం, పత్రికల్లో ఫొటోలు వచ్చాయి. కట్ట మీద మొలిచిన కంపను ఆ గుర్తింపు కొట్టదు. చెరువులోకి నీళ్లు తెచ్చే వంకల ఆక్రమణను తొలగించదు.

పోరుమామిళ్ల చెరువు కింద సాగు చేసేవాళ్లకు, అక్కడి పంచాయతీలకు, జలవనరుల శాఖకు ఒకటే విన్నపం. ఆ పన్నెండు సాధనాలు, ఆరు దోషాలు తేట తెలుగులో ఒక బండమీద చెక్కించి కట్ట ఎక్కే చోట నిలబెట్టండి. ఏటా మృగశిర రాకముందే నలుగురూ కట్ట పొడవునా నడిచి, మొదటి దోషం ఎక్కడైనా మొదలైందేమో చూడండి. ఊరికి ఒక నీరుగంటిని పెట్టుకుని, అతనికి ఏడాది పొడవునా జీతం ఇవ్వండి.