నెత్తురు సెప్పదేటి?

ఉద్దానం మనిషిని ఎక్కడున్నా పోల్చుకోవచ్చు. మోచేతి మడతలో దూది ఉండ, దాని మీద అడ్డంగా తెల్ల ప్లాస్టరు, చంకలో మందులషాపు కవరు, కవర్లో రిపోర్టుల ఫైలు. కాశీబుగ్గ కాంప్లెక్సులో బస్సు దిగిన పదిమందిలో ఒకరిద్దరైనా ఇలా కనిపిస్తారు. పలకరింపు కూడా వేరు. బాగున్నావా అన్న వెంటనే “క్రియాటిన్ ఎంతొచ్చింది?” అని అడుగుతారు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అన్న మాటలో ఒక అక్షరం ఇక్కడ ఎప్పుడో రాలిపోయింది. అంతగా నలిగింది ఆ మాట. నంబరు వినగానే ఎదుటి మనిషి ముఖం దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. ఒకటిన్నరకి ఒక ముఖం, ఐదుకి ఇంకో ముఖం.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. కొబ్బరి, జీడి, పనస తోటల నీడలో ఉన్న ఈ ఉద్దానం మండలాల వాళ్ళు ఇరవై ఏళ్ళకు పైగా నెత్తురు ఇస్తూనే ఉన్నారు. వైద్య శిబిరాలకి, పరిశోధకులకి, ప్రభుత్వ సర్వేలకి, డయాలిసిస్ గదికి. ఇక్కడ ఇంతమంది కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో రెండువందల పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం నుంచి గొట్టాల్లో మంచినీళ్ళూ వచ్చాయి. క్రియాటిన్ మాత్రం తన పాత స్వభావం మార్చుకోలేదు. కిడ్నీల శక్తి దాదాపు సగం పోయేదాకా అది గట్టిగా నోరు విప్పదు. ఇల్లు సగం కాలాక “మంట” అని అరిచే కాపలావాడి లాంటిది.

ఈమధ్య పలాసలో ఒక ఆసుపత్రి వరండాలో కూర్చున్నాను. నా పని వేరు. పక్కన ఒకావిడ, నలభై అయిదు ఉండొచ్చు, జీడిపిక్కల బట్టీలో పని. ఆ సంగతి ఆవిడ చెప్పలేదు, వేళ్ళు చెప్పాయి. బొటనవేలు, చూపుడువేలు, వాటి మధ్య చర్మం నల్లగా కాలి, పొరలు లేచి ఉన్నాయి. నూనె రాసుకుని కూర్చున్నా జీడితొక్కులోని రసం చేతిని వదలదు. నెల రోజులుగా దగ్గు, సాయంత్రమైతే వెచ్చబడటం. క్షయేమో చూడటానికి చేతికి ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి కళ్ళె తెమ్మన్నారు. ఆవిడ రెండుసార్లు గోడ పక్కకి వెళ్ళి ఉత్త డబ్బాతో తిరిగొచ్చింది.

“కళ్ళె రాదు బాబూ. దగ్గితే వొట్టి గాలే. నెత్తురైతే ఎంతైనా తీసుకోమను, మాకది అలవాటైపోనాది. నెత్తురు సెప్పదేటి ఆ మాట?”

నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఆ ప్రశ్న బస్సులో టెక్కలి దాకా తోడొచ్చింది.

పాత సినిమాల్లో క్షయని నెత్తురే చెప్పేది. హీరో దగ్గుతాడు, జేబురుమాలు తీస్తాడు, రుమాలు మీద మరక. నలుపు తెలుపు బొమ్మ కాబట్టి మరక నల్లగా ఉండేది. అది చూడగానే హాలంతా నిట్టూర్చేది, కథ ఎటు పోతుందో తెలిసిపోయేది. అంటే ఆ రోజుల్లో నెత్తురు పలికేది చిట్టచివర. ఇప్పుడు శాస్త్రజ్ఞులు అదే నెత్తుర్ని మొదట్లోనే మాట్లాడించాలని చూస్తున్నారు.

1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని చూపించాడు. ఆ తరవాత వందేళ్ళకు పైగా మన పద్ధతి ఒక్కటే. కళ్ళెని గాజుపలక మీద పూసి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో ఎర్ర పుల్లల్లాంటి క్రిముల్ని వెతకడం. ఒక మిల్లీలీటరులో అయిదువేల నుంచి పదివేల క్రిములుంటే తప్ప కంటికి ఆనవు. ఇప్పుడొచ్చిన సీబీనాట్, గోవాలో తయారయ్యే ట్రూనాట్ లాంటి పరీక్షలు వందల్లో ఉన్నా పట్టేస్తాయి. గొప్ప మార్పే, కాదనను. కానీ వాటికీ ముందు డబ్బాలో కళ్ళె పడాలి. పసిపిల్లలు ఉమ్మలేరు, మింగేస్తారు. క్షయ మెడ గ్రంథుల్లోనో, వెన్నులోనో, పొట్టలోనో ఉన్నవాడి కళ్ళెలో ఏమీ దొరకదు. డయాలిసిస్ మీద ఉన్నవాళ్ళకి మామూలు వాళ్ళకంటే క్షయ సోకే ప్రమాదం ఎన్నో రెట్లు ఎక్కువ. వాళ్ళకొచ్చే క్షయ చాలాసార్లు ఊపిరితిత్తుల బయటే దాక్కుంటుంది. జ్వరం, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం లాంటి లక్షణాల్ని కిడ్నీ జబ్బు ఖాతాలోనే రాసేస్తాం. వరండాలో ఆవిడ వేసిన ప్రశ్న ఇంకెక్కడికన్నా ఉద్దానానికి ఎక్కువ అవసరం.

ఇలాంటి ప్రశ్నకి మన దేశంలో ఒకసారి తప్పు జవాబు దొరికింది. నాకది ఇంట్లో సంగతి. 2009లో మా పెద్దనాన్న కూతురు, నాకు అప్ప వరస, చిక్కిపోతోందని ఒక పట్నం ల్యాబులో నెత్తురు పరీక్ష చేయించారు. “టీబీ పాజిటివ్” అని కంప్యూటరు కాగితం వచ్చింది. ఆ రోజుల్లో కంప్యూటరు కాగితానికి ఎదురు చెప్పే ధైర్యం ఎవరికుంది? ఆరు నెలల మందులు మొదలెట్టారు. మందు వల్ల ఒంటేలు నారింజరంగులో పోతే అదీ నెత్తురే అనుకుని పిల్ల ఏడ్చింది. కుదరబోయిన సంబంధం వెనక్కి పోయింది. చివరికి విశాఖలో చూపిస్తే థైరాయిడ్ అని తేలింది. క్షయ అసలు లేనే లేదు.

అప్పట్లో ఆ పరీక్షలు వెతికింది యాంటీబాడీల్ని. ఎప్పుడో దారినపోయిన క్రిమికి కూడా ఒంట్లో గుర్తులుంటాయి. ఉన్న జబ్బుకి ఒక్కోసారి ఉండవు. రెండు వైపులా పొరపాటే. 2011 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాటిని వాడొద్దని గట్టిగా చెప్పింది. 2012 జూన్‌లో మన ప్రభుత్వం వాటి దిగుమతి, తయారీ, అమ్మకం నిషేధించింది. ఆ మధ్య వచ్చిన ఇంటర్‌ఫెరాన్ గామా పరీక్ష నయం. కానీ ఒంట్లో క్రిమి ఉందో లేదో చెబుతుందే గానీ, అది నిద్రపోతోందో లేచి కూర్చుందో చెప్పలేదు. మన దేశంలో పెద్దవాళ్ళలో దాదాపు మూడోవంతు మందిలో అది నిద్రపోతూనే ఉంటుంది. నూటికి ముప్పైమందికి “ఉంది” అని చెప్పే పరీక్షతో ఊళ్ళో ఏం చేసుకుంటాం?

కొత్త దారి వేరు. ఇందులో క్రిమిని వెతకరు. క్రిమిని చూసి ఒళ్ళు చేసే అలజడిని వింటారు. దీన్ని చదివినప్పుడు నాకు వజ్రపుకొత్తూరు, మందస వైపు తోటలు గుర్తొచ్చాయి. పనస పండే రోజుల్లో ఎలుగుబంటి దిగుతుంది. చీకట్లో అది కనపడదు. కనపడిందంటే అప్పటికే ఆలస్యం. ముందు కుక్కలకి తెలుస్తుంది. తోటలో పుట్టి పెరిగిన ముసలాయన మంచం మీంచి లేవకుండానే “అది నక్కకి కాదురా, ఎలుగుకి” అంటాడు. కొత్తవాడికి రెండూ ఒక్క మొరుగే.

క్షయ క్రిమి లేచినప్పుడు తెల్ల రక్తకణాల్లో కొన్ని జన్యువులు జోరందుకుంటాయి. ఇంటర్‌ఫెరాన్ పిలుపుకి పలికే జన్యువులవి. వాటిలో జీబీపీ5 అనేది తరచూ వినిపించే పేరు. 2010లో లండన్, దక్షిణాఫ్రికా రోగుల నెత్తుట్లో ఇలాంటి 393 గుర్తుల జాబితా ఒకటి బయటపడింది. 2016 నాటికి పదహారు జన్యువులతో ఇంకో జాబితా వచ్చింది. దక్షిణాఫ్రికాలో ఆరువేలకు పైగా కుర్రకారుని రెండేళ్ళు వెంబడించి చూస్తే, జబ్బు పడబోయేవాళ్ళలో చాలామంది నెత్తురు ఏడాది ముందే మారడం మొదలెట్టింది. దగ్గు లేదు, జ్వరం లేదు. కుక్కలు మాత్రం మొరుగుతున్నాయి. ఇంకొందరు కుదించి కుదించి మూడు జన్యువులకు తెచ్చారు. వేలి చివర సూదితో పొడిచి చుక్క నెత్తురు తీస్తే గంటలోపే లెక్క చెప్పే పెట్టెని తయారు చేసి పలు దేశాల్లో పరీక్షించారు.

వేలి చివర అనగానే ఆవిడ వేళ్ళు కళ్ళ ముందు మెదిలాయి. పలాస, కాశీబుగ్గల్లో బట్టీల నిండా అలాంటి వేళ్ళే. జీడిరసానికి కాలి, మొద్దుబారి, పొర మీద పొర కట్టిన ఆ చర్మంలో సూది ఎక్కడ దిగాలి? ఉంగరం వేలు పక్కనుంచి తీస్తారేమో. ఏ దేశపు పెట్టెకైనా ఇక్కడికొచ్చాక ఇలాంటి చిన్న చిన్న చదువులు కొన్ని మిగిలే ఉంటాయి.

పెద్ద చదువు ఇంకొకటుంది. కిడ్నీ పాడైన ఒంట్లో కుక్కలు ఎప్పుడూ మొరుగుతూనే ఉంటాయి. సి-రియాక్టివ్ ప్రోటీన్ అని నెత్తుట్లో చవకగా చూడగలిగే గుర్తు ఒకటుంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళలో క్షయని జల్లెడ పట్టడానికి దాన్ని వాడొచ్చని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. డయాలిసిస్ మనిషిలో అది ఊరికే కూడా పెరిగి ఉంటుంది. ఇంటర్‌ఫెరాన్ పరీక్ష వాళ్ళలో ఎటూ తేలకుండా తిరిగొచ్చేది ఎక్కువ. టెక్కలి చుట్టూ నీలి గ్రానైటు రాళ్ళు కోసే చోట్ల రాతిదుమ్ము పీల్చిన ఊపిరితిత్తులకి ఇంకో లెక్క కావాలి. ఆ దుమ్ము సిలికోసిస్ తెస్తుంది, సిలికోసిస్ క్షయకి తలుపు తీస్తుంది. లండన్ నెత్తుట్లో నేర్చుకున్న మొరుగు భాషని సోంపేట నెత్తుట్లో మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవలసిందే. ఇరవై ఏళ్ళుగా ఇన్ని సీసాల నెత్తురిచ్చిన జనానికి ఈ ఒక్క సంగతి తేల్చి చెప్పమని అడిగే హక్కు ఉందని నా అభిప్రాయం.

ముందే తెలిస్తే అంతా బాగుంటుందా అన్నది ఇంకో తిక్క ప్రశ్న. దక్షిణాఫ్రికాలోనే అదీ చూశారు. నెత్తుట్లో గుర్తున్నవాళ్ళకి వారానికోసారి చొప్పున పన్నెండు వారాలు నివారణ మందు ఇచ్చారు. ఇవ్వనివాళ్ళతో పోలిస్తే జబ్బు పడటం తగ్గలేదని 2021లో ఫలితం వచ్చింది. ముందుగా పసిగట్టడం ఒక విద్య, పసిగట్టాక ఏం చెయ్యాలన్నది వేరే విద్య. ఉద్దానానికి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. పాతికేళ్ళ కుర్రాడికి క్రియాటిన్ కొంచెం పెరిగిందని తెలిస్తే వాడికి చెప్పగలిగింది ఏముంది? నొప్పి బిళ్ళలు మానెయ్, నీళ్ళు తాగు, మూడు నెలలకి మళ్ళీ రా. ఈలోపు సంబంధాలవాళ్ళకి తెలిసిపోతుంది. అందుకని పరీక్షే వద్దనే ఇళ్ళున్నాయి. నేను వాళ్ళని తప్పుపట్టలేను.

క్షయ అలా కాదు. దీనికి మందుంది, ఆరు నెలల్లో తగ్గుతుంది. తిండి ఖర్చుకని ప్రభుత్వం నెలకి ఇచ్చే అయిదు వందల్ని 2024 నవంబరు నుంచి వెయ్యి చేసింది. డయాలిసిస్ ఉన్నా వైద్యం చేయొచ్చు. రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్ మామూలు మోతాదే. పైరజినమైడ్, ఇథాంబుటాల్ రోజూ కాకుండా వారానికి మూడుసార్లు, డయాలిసిస్ అయ్యాక ఇస్తారు. కాబట్టి ఒకే చేతి నుంచి తీసిన రెండు చుక్కల్లో ఒకటి ముందే మాట్లాడితే భయం, రెండోది ముందే మాట్లాడితే లాభం. చేపలవేటకి వేరావల్ పడవల మీదికి, హైదరాబాదులో ఎనిమిదిమంది పడుకునే గదుల్లోకి మన కుర్రాళ్ళు వెళ్ళే ముందు ఆ రెండో చుక్క మాట్లాడితే ఎంత బాగుండు.

అలాంటి పెట్టె పలాస వరండాకి ఇంకా రాలేదు. అందాకా ప్లాస్టిక్ డబ్బాయే గతి. ఆరోజు ఒక ఆశ కార్యకర్త వచ్చి ఆవిడ పక్కన చతికిలబడింది. “ఇప్పుడు రాదప్పా. తెల్లారి లేవగానే, పళ్ళు తోమకముందు, నోరు నీళ్ళతో పుక్కిలించి, మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, లోపల్నుంచి దగ్గు. ఉమ్ము కాదు, కళ్ళె కావాల” అని చేత్తో రొమ్ము చూపించి, తనే దగ్గి చూపించింది. ఆవిడ నవ్వింది. డబ్బా మూత బిగించి, కవరు తెరిచి, క్రియాటిన్ కాగితాల పక్కన నిలబెట్టింది. అది పడిపోతూ ఉంటే కాగితాలు మడిచి ఆసరా పెట్టింది.

“రేపు పనికెళ్ళకపోతే కూలి పోద్ది కదేటి” అంది, మమ్మల్ని కాదు, కవర్నే చూస్తూ.